దేవతా వద్దు, దెయ్యమూ వద్దు

"ఆడవాళ్ళకి అవే కావాలండీ, అందుకే తీస్తున్నాం." టీవీ సీరియళ్ళ గురించి ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, ఈ జవాబు సిద్ధంగా ఉంటుంది. తీసేవాళ్ళు అదే అంటారు. చూడనివాళ్ళూ అదే అంటారు. పక్క గదిలో పేపరు చదువుతూ ఓ చెవి ఇటు పడేసి వినే మగవాళ్ళు మరీ నమ్మకంగా అంటారు. ఈ మాటతోనే నాకు పేచీ. మనకేం కావాలో మనల్ని ఎవరు అడిగారు? రోజూ ఒకటే కూర వడ్డించి, తిన్నారు కాబట్టి అదే ఇష్టమంటే ఎలా?

ఆ కూర ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక కోడలు ఉంటుంది, ఎవరెన్ని మాటలన్నా తల వంచుకుని దీపం వెలిగించుకునే దేవత. ఒక అత్తగారో, ఆడపడుచో, తోడికోడలో ఉంటుంది, ఒంటినిండా నగలు వేసుకుని పాలల్లో ఏదో కలిపే దెయ్యం. మధ్యలో ఏదీ అర్థంకాని ఓ మొగుడు. ఈ ఇద్దరు ఆడవాళ్ళలో మనం ఎక్కడున్నాం చెప్పండి? పొద్దున్న బడి బస్సు తప్పిపోతోందని పిల్లాడి మీద అరిచి, మధ్యాహ్నమంతా అయ్యో అనుకుని, సాయంత్రం వాడికిష్టమని పకోడీలు వేసే మనిషి ఎక్కడుంది? అత్తగారి మీద ఒళ్ళు మండిపోతున్నా ఆవిడ మాత్రల టైము మాత్రం మర్చిపోని మనిషి ఎక్కడుంది?

నేను బ్రిటిష్ టీవీ కామెడీలూ డ్రామాలూ ఏళ్ళ తరబడి చూస్తున్నాను. మావారి ఉద్యోగం వల్ల కొన్నాళ్ళు ఇంగ్లండులో ఉన్నప్పుడు మొదలైన అలవాటు, తిరిగొచ్చేసినా వదల్లేదు. మొదట్లో వాళ్ళ యాస అర్థంకాక కింద అక్షరాలు పెట్టుకుని, ఒళ్ళో చిక్కుడుకాయల గిన్నె పెట్టుకుని చూసేదాన్ని. "ఈవిడకి ఇంగ్లీషు మోజు" అని బంధువుల్లో నాకో బిరుదు కూడా ఉంది. ఉండనివ్వండి. నాకు వాటిల్లో కనపడింది దొరల బంగళాలూ గులాబీ తోటలూ కాదు, మన సీరియళ్ళలో కనపడని ఆ మామూలు ఆడమనిషి.

బటర్‌ఫ్లైస్ అని 1978లో బీబీసీలో మొదలైన కామెడీ ఉంది. అందులో రియా అనే గృహిణి, వెండీ క్రెయిగ్ వేసింది. భర్త బెన్ పళ్ళ డాక్టరు, మంచివాడే, కానీ ఆయన ధ్యాసంతా సేకరించిన సీతాకోకచిలుకల మీదే. ఎదిగిన కొడుకులు ఇద్దరు. రియాకి వంట రాదు. ఆవిడ బల్ల మీద గిన్నె పెట్టగానే మిగతా ముగ్గురి మొహాలూ చూడాలి! ఇంట్లో ఎవరూ ఆవిణ్ణి కొట్టరు, తిట్టరు. అయినా ఆవిడకి ఊపిరాడదు. ఇంతేనా జీవితం అనిపిస్తుంది. ఇంకో మనిషి పరిచయమవుతాడు. పార్కులో కలుసుకుంటారు, మాట్లాడుకుంటారు. వెళ్ళిపోనూ లేదు, మనసు పూర్తిగా మళ్ళించుకోనూ లేదు. నాలుగు భాగాల పాటు ఆ మనిషి ఆ గడప మీదే నిలబడి ఉంటుంది.

అదే కథ మన టీవీలో వస్తే మూడో రోజుకే రియా కులట అయిపోయేది. లేదా బెన్‌ని తాగుబోతుని చేసి ఆవిణ్ణి పతివ్రతని చేసేవాళ్ళు. "మంచి మొగుడే, మంచి పిల్లలే, అయినా నాకు దిగులుగా ఉంది" అనే మాట చెప్పే వీలు మనకి ఏ సీరియల్లోనూ లేదు. మరి ఆ మాట మన ఇళ్ళలో లేదా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి. ఇంకో సంగతి. బటర్‌ఫ్లైస్ రాసిన కార్లా లేన్ లివర్‌పూల్ ఆవిడ. చిన్న వయసులోనే పెళ్ళయి, ఇద్దరు కొడుకుల్ని పెంచుకుంటూ రచయిత్రి అయింది. ఇంట్లో ఉన్న మనిషే ఇంటి కథ రాసింది. అందుకే ఆ వంటింట్లో మాడిన వాసన నిజంగా వస్తుంది.

ఇప్పుడు దెయ్యం సంగతికి వద్దాం. కీపింగ్ అప్ అప్పియరెన్సెస్‌లో హయసింత్ ఉంది చూశారా, మనవాళ్ళ లెక్కలో అచ్చమైన విలన్. డాబుసరి మనిషి. ఇంటిపేరు 'బకెట్' అయితే, కాదు 'బుకే' అనాలని ఊరందరికీ పాఠం చెబుతుంది. మొగుడు రిచర్డ్ కారు నడుపుతుంటే పక్కన కూర్చుని దారి పొడవునా జాగ్రత్తలు చెబుతుంది. చెల్లెలు డైసీ, ఆవిడ మొగుడు ఆన్స్‌లో బనియన్‌తో సోఫాలో పడుంటారని, వాళ్ళు నలుగురి కంటా పడితే పరువు పోతుందని ఆవిడ భయం. పక్కింటి ఎలిజబెత్‌ని కాఫీకి పిలిస్తే, ఖరీదైన కప్పు పగిలిపోతుందేమోనని పాపం ఆ పిల్లకి చేతులు వణికి కప్పు జారిపోతుంది. కొడుకు షెరిడన్ మనకి ఒక్కసారీ కనపడడు. ఫోను చేస్తే డబ్బు కోసమే. అయినా మా అబ్బాయంత బంగారం లేడంటుంది.

1990 నుంచి 1995 దాకా ఆ కామెడీలో హయసింత్ ఎవరికీ విషం పెట్టలేదు. ఆస్తి కాగితాల మీద దొంగ సంతకం పెట్టించలేదు. డాబు పోదామనుకుంటుంది, ప్రతిసారీ బోర్లా పడుతుంది, లేచి చీర సర్దుకున్నట్టు టోపీ సర్దుకుని మళ్ళీ నడుస్తుంది. ప్యాట్రీషియా రూట్లెడ్జ్ ఆ పడటంలోనే మనకి ఆవిడ మీద జాలి పుట్టించింది. బీదింట్లో పుట్టి, ఆ వాసన పోగొట్టుకోవాలని ఇంత అవస్థ పడే మనిషిని ఎలా ద్వేషిస్తాం? ఇలాంటి పిన్ని మనందరికీ ఒకావిడ ఉంది. కొత్త గిన్నెల సెట్టు చూపించడానికే పేరంటం పెట్టే పిన్ని. నవ్వుకుంటాం, విసుక్కుంటాం, ఆవిడకి ఒంట్లో బాగాలేదంటే పరిగెత్తుతాం. ఇంటి మనుషుల తప్పులు చాలావరకు ఈ పాటివే. వాటికి నవ్వు చాలు. వాటిని కుట్రగా చూడటం నేర్పితే ఏమవుతుందో తెలుసా? కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల, అత్తగారు "ఉప్పు కొంచెం తగ్గించమ్మా" అంటే దాని వెనక ఏముందో అని వెతుక్కుంటుంది. అత్తగారూ అంతే, కోడలు ఫోనులో గొంతు తగ్గించి మాట్లాడితే చాలు, నా గురించే అనుకుంటుంది. రోజూ రాత్రి ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూసే పాఠం అదే కదా మరి.

"అది వాళ్ళ సంస్కృతి, మనకి సరిపడదు" అంటారు కొందరు. హయసింత్ కంటే ఎంతో ముందే మనకి భానుమతిగారి అత్తగారు ఉన్నారండీ! కోడలు కూర్చుని అత్తగారి ఆవకాయ దగ్గర్నుంచి చెప్పి నవ్వించిన ఆ అత్తగారి కథల్లో విషం సీసా ఎక్కడైనా ఉందా? మడీ, ఆచారం, పంతం, చాదస్తం, వాటి కింద బోలెడు ప్రేమ. తెలుగువాళ్ళం ఇంటిల్లిపాదీ చదువుకుని నవ్వుకున్నాం. కాబట్టి సంస్కృతి పేరు చెప్పి తప్పించుకోకండి. మన దగ్గర ఉన్నదాన్ని అటకెక్కించింది మీరు.

ఇక వయసు. మన సీరియల్లో 60 దాటిన ఆడదానికి రెండే పనులు, దీవించడం లేదా శపించడం. లాస్ట్ టాంగో ఇన్ హాలిఫాక్స్ 2012లో వచ్చింది. సీలియా, అలన్ అని 70లు దాటిన ఇద్దరు. చిన్నప్పుడు ఒకరంటే ఒకరికి ఇష్టం, దారులు వేరయ్యాయి, ఇద్దరి జీవిత భాగస్వాములూ పోయారు. మనవలు ఫేస్‌బుక్కు నేర్పిస్తే మళ్ళీ ఒకరికొకరు దొరుకుతారు, పెళ్ళి చేసుకుంటామంటారు. రాసిన శాలీ వెయిన్‌రైట్‌కి ఈ ఊహ ఎక్కడినుంచో రాలేదు, సొంత తల్లి జీవితంలోంచే వచ్చింది. ఇంత వరకూ అయితే తీపి కథ. కానీ సీలియా తీపి మనిషి కాదు. మొండిది, నోటి దురుసు. కూతురు కరొలిన్ ఇంకొక స్త్రీని ప్రేమించిందని తెలిస్తే ముఖం తిప్పేసుకుంటుంది. ఆఖరికి ఆ కూతురి పెళ్ళికి కూడా వెళ్ళదు. తన ప్రేమకి మాత్రం అందరూ చప్పట్లు కొట్టాలి! ఆ పని ఎంత పెద్ద గాయం చేసిందో తర్వాత కథలో వస్తుంది, ఆవిడ దాన్ని మోసుకుంటూ బతకాల్సిందే. తల్లి ప్రేమ ఉంటుంది, తల్లి అన్యాయమూ ఉంటుంది, రెండూ ఒకే మనిషిలో. ఇది చూడటానికి మనకి తెలివి చాలదనుకున్నారా, ఈ "అవే కావాలి" వాళ్ళు?

"మీరు చెప్పేవన్నీ ఆరేసి ఎపిసోడ్లవి, రోజూ నడిపే సీరియల్ వేరు, అందులో మెరుపులూ ఉరుములూ లేకపోతే నడవదు" అని ఇంకో వాదన. దీనికి జవాబు కొరొనేషన్ స్ట్రీట్. 1960 డిసెంబరు 9న మొదలైంది, ఇంకా నడుస్తూనే ఉంది. 2020లో 10,000 ఎపిసోడ్లు దాటింది. మన సీరియళ్ళు దాని ముందు పసిపిల్లలు. 24 ఏళ్ళ టోనీ వారెన్ దాన్ని సృష్టించాడు. మాంచెస్టర్ వైపు గోడకి గోడ ఆనుకున్న చిన్న ఇళ్ళ వీధి, ఒక పబ్బు, జుట్టుకి వల కట్టుకుని అందరి మీదా తీర్పులు చెప్పే ఈనా షార్ప్‌ల్స్ అనే పెద్దావిడ. అందులోనూ అతి ఉంది, చావులున్నాయి, ప్రమాదాలున్నాయి, నేను కాదనను. కానీ ఆ రోజువారీ సీరియలే 2019, 2020ల్లో చేసిన ఒక పని చెబుతాను, వినండి.

యాస్మిన్ నజీర్ అని పాకిస్తానీ మూలాలున్న ఒక నానమ్మ, చదువుకున్నది, నోరున్నది, మనవరాలితో కలిసి హోటలు నడిపే మనిషి. జెఫ్ అనే సరదా మనిషిని పెళ్ళి చేసుకుంటుంది. ఆ జెఫ్ మొదట్లో చెయ్యెత్తడు. ఆ బట్టలు నీకు బాగాలేవంటాడు. అంత తింటే లావైపోతావంటాడు. ఫోను చూస్తాడు. నువ్వే మర్చిపోయావు, నీకే మతిమరుపు అంటాడు. ఒక్కొక్క స్నేహితురాలినీ దూరం చేస్తాడు. ఆవిడ ప్రాణంగా పెంచుకున్న కోడిని వండి ఆవిడకే వడ్డిస్తాడు. ఇదంతా ఒక్క వారంలో అవలేదు, నెలల తరబడి చూపించారు. రోజువారీ సీరియల్‌కి ఉన్న బలమే అది. మెల్లగా బిగుసుకునే ఉరిని మెల్లగానే చూపించగలదు. 2020లో కరోనాకి జనం ఇళ్ళల్లో బందీలైన రోజుల్లోనే ఆ కథ మరిగే దశకొచ్చింది. ఇంగ్లండు, వేల్స్‌లలో ఇలా మనిషిని కట్టడి చేసి అదుపులో పెట్టుకోవడం 2015 చివరినుంచి నేరం, అయిదేళ్ళ వరకు జైలు. చట్టం పుస్తకంలో ఉన్నదాన్ని సీరియల్ సోఫా దగ్గరకి తెచ్చింది. "ఇలాంటిదేనా నా ఇంట్లో జరిగేది?" అని ఒక ఆడమనిషి తనని తాను అడుగుకునేలా చేసింది.

మన దగ్గర ఇదే ప్రవర్తనకి పెట్టిన పేరు "ప్రేమ". హీరో ఆమె ఫోను లాక్కుంటే వెనకాల వేణువు వినిపిస్తుంది. ఎవరితో మాట్లాడావని నిలదీస్తే, పాపం ఎంత ప్రేమో అనిపించేలా తీస్తారు. ఇది వినోదం, ఇందులో నీతులెందుకు అనకండి. నీతి ఎలాగూ చెబుతూనే ఉన్నారు, తప్పుడు నీతి చెబుతున్నారు.

శాలీ వెయిన్‌రైట్‌దే ఇంకొకటి ఉంది, హ్యాపీ వ్యాలీ. ఆవిడ ఒకప్పుడు బస్సు నడిపింది, కొరొనేషన్ స్ట్రీట్‌కి ఎపిసోడ్లు రాసింది, ఆ తర్వాత ఈ స్థాయికొచ్చింది. హ్యాపీ వ్యాలీలో శారా లాంకషైర్ వేసిన క్యాథరిన్ యార్క్‌షైర్‌లో పోలీసు సార్జెంటు. వయసు 47, విడాకులయ్యాయి, కూతురు చనిపోయింది, కొడుకు మాట్లాడడు, మత్తుమందు నుంచి బయటపడ్డ చెల్లెలితో కలిసి మనవణ్ణి పెంచుతోంది. మొదటి ఎపిసోడ్‌లో, ఒంటి మీద పెట్రోలు పోసుకుని నిప్పంటించుకుంటానని బెదిరించే కుర్రాడికి తన సంగతులన్నీ ఇలాగే, కూరగాయల లెక్క చెప్పినట్టు చెప్పేస్తుంది. క్యాథరిన్ అరుస్తుంది, తప్పులు చేస్తుంది, నిద్రపట్టక వెనక గుమ్మంలో సిగరెట్టు కాలుస్తుంది, పొద్దున్నే లేచి పనికి పోతుంది. కోపం ఉన్నంత మాత్రాన ఆవిడ దెయ్యం కాలేదు, త్యాగం చేసినందుకు దేవతా కాలేదు. మొత్తం 18 ఎపిసోడ్లే. రెండో భాగం 2016లో వస్తే, మూడోది 2023లో వచ్చింది. కథ పండేదాకా ఆగారు, పండాక ముగించారు. ఆఖరి పోరాటం ఎక్కడ జరుగుతుందనుకున్నారు? ఆవిడ వంటింట్లో, బల్ల దగ్గర కూర్చుని, మాటలతో.

బ్రిటిష్‌వాళ్ళవన్నీ ముత్యాలని నేను అనడం లేదు. వాళ్ళ పాత కామెడీల్లో మనవాళ్ళని చూపించిన తీరు చూస్తే ఒళ్ళు మండుతుంది. ఇట్ ఏన్ట్ హాఫ్ హాట్ మమ్ అనేదాంట్లో తెల్ల నటుడు మొహానికి రంగు పూసుకుని హిందుస్తానీ నౌకరు వేషం వేశాడు. మైండ్ యువర్ లాంగ్వేజ్ మనదేశంలోనూ ఎందరినో నవ్వించింది, కానీ అందులో మనవాళ్ళ యాస, మనవాళ్ళ తలకాయ ఊపడం తప్ప మనుషులు కనపడరు. డౌన్‌టన్ యాబీలో దొరలూ పనివాళ్ళూ అంత అన్యోన్యంగా ఉండేవారంటే నేను నమ్మను. అయితే ఆ తప్పుని దిద్దిందెవరు? అక్కడే పుట్టి పెరిగిన మనవాళ్ళే. మీరా సియాల్, సంజీవ్ భాస్కర్ వాళ్ళు 1998లో గుడ్‌నెస్ గ్రేషస్ మీ తెచ్చి, తాగి ఇండియన్ హోటలుకెళ్ళి గోల చేసే ఇంగ్లీషువాళ్ళని తిరగేసి చూపించారు. ఇండియన్లు గుంపుగా ఇంగ్లీషు హోటలుకెళ్ళి, ఇక్కడున్నవాటిల్లో అన్నిటికంటే చప్పగా ఉండేది తెమ్మని వెయిటర్ని వేధిస్తారు! తర్వాత కుమార్స్ ఎట్ నంబర్ 42లో అదే మీరా సియాల్ చిలిపి నానమ్మ వేషం కట్టింది. ఆ నానమ్మ ఇంటికొచ్చిన పేరున్న మగవాళ్ళని ఆటపట్టిస్తుంటే చూడాలి. తమని ఎలా చూపిస్తున్నారో నచ్చకపోతే వాళ్ళు మూతి ముడుచుకుని ఊరుకోలేదు, కలం లాక్కున్నారు.

నేను చెప్పేదీ అదే. తీసేవాళ్ళూ, మీకు మా లెక్కలు కావాలా? తీసుకోండి. మాకు అరిచే కోడలు కావాలి, అరిచాక నాలిక్కరుచుకునే కోడలు. డాబులు పోయే అత్తగారు కావాలి, ఆవిడ బోర్లా పడితే లేపే మనుషులూ కావాలి. వంట రాని అమ్మ కావాలి. 70 ఏళ్ళకి మళ్ళీ పెళ్ళి చేసుకునే బామ్మ కావాలి, ఆవిడ మంచిది కాకపోయినా సరే. ఫోను లాక్కునే మొగుణ్ణి చూపించినప్పుడు వెనకాల వేణువు ఆపెయ్యండి. కథకి ఓ ముగింపు కావాలి, ఎందుకంటే మా రాత్రులు మాకు ఊరికే రాలేదు. అంట్లు తోమి, పిల్లల్ని పడుకోబెట్టి, రేపటి ఇడ్లీ పిండి మూతపెట్టి సంపాదించుకున్న అరగంట అది.

మీరేం తక్కువ కాదు సుమా, ఇది చదివేవాళ్ళూ! రిమోటు చేతిలో పెట్టుకుని "ఏముంది, అన్నీ ఇంతే" అనుకుంటూ కూర్చోకండి. నచ్చనిదాన్ని కట్టెయ్యండి. కట్టేసి ఊరుకోకుండా, మీ ఇంట్లో నిన్న జరిగిన చిన్న గొడవని ఎవరినీ దెయ్యాన్ని చెయ్యకుండా, ఎవరినీ దేవతని చెయ్యకుండా ఓ పేజీ రాయండి చూద్దాం. కార్లా లేన్ మొదలుపెట్టింది ఇంట్లోనే.